నా ప్యాకెట్‌కి వీఐపీ దర్శనం అక్కర్లేదు

పోయిన నెల మా హాస్టల్ నోటీసు బోర్డులో ఒక కాగితం అంటించారు. రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా ఆన్‌లైన్ గేమ్స్ అన్నీ బ్లాక్ చేస్తారట. స్టడీ అవర్స్‌లో నెట్ స్లో అవుతోందని పిల్లలే కంప్లయింట్ ఇచ్చారట. రెండో రోజుకల్లా మా ఫ్లోర్‌లో ఇంకో కాగితం తిరిగింది. అది గేమర్ల అర్జీ. గేమ్స్‌ని ఆపొద్దు, పైగా వాటికి నెట్‌వర్క్‌లో ప్రయారిటీ ఇవ్వండి, గేమ్ తినే డేటా ఎంతని, చదువుకునేవాళ్ళకి ఏ తేడా పడదు అని రాశారు. అప్పటికే నలభై రెండు సంతకాలు ఉన్నాయి. నా దగ్గరికి వచ్చినప్పుడు నేను పెట్టలేదు.

"నువ్వే పెట్టకపోతే ఎలా మావా?" అన్నారు. నిజమే, మా బ్లాక్‌లో పింగ్ గురించి నా అంత ఏడ్చినవాడు ఇంకొకడు లేడు. రాత్రి పూట గేమ్ మధ్యలో నేను కీబోర్డు మీద కొట్టిన దెబ్బలు పక్క రూమ్ వాళ్ళకి బాగా గుర్తు. అయినా సంతకం పెట్టలేదు. అలాగని వార్డెన్ గారి నోటీసు కూడా నాకు సరైందనిపించలేదు. ఆ రెండు కాగితాలూ ఒకే తప్పు చేస్తున్నాయని నా వాదన. అది చెప్పాలంటే ముందు లాగ్ ఎక్కడ పుడుతుందో చెప్పాలి, తర్వాత నేను చేసిన ఒక వెధవపని గురించి చెప్పాలి.

గేమ్ ఆడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మనం బటన్ నొక్కితే ఆ సంగతి చిన్న ప్యాకెట్‌గా సర్వర్‌కి వెళ్ళాలి, అక్కడ ఏం జరిగిందో మళ్ళీ మనకి రావాలి. ఈ రానుపోను సమయమే పింగ్. వాలరెంట్ లాంటి ఆటలో సర్వర్ సెకనుకి 128 సార్లు ఆట స్థితిని లెక్క వేస్తుంది, అంటే దాదాపు ఎనిమిది మిల్లీసెకన్లకి ఒకసారి. మీ పింగ్ 30 ఉంటే ఆటలో ఉన్నట్టే ఉంటుంది. 300 అయిందంటే మాత్రం మీకు తెర మీద కనిపించే మనిషి అక్కడ లేడు, ఎప్పుడో పక్కకి వెళ్ళిపోయాడు. మీరు గోడ చాటుకి వచ్చేశానని ఊపిరి పీల్చుకుంటారు, అప్పుడు చచ్చిపోతారు. పింగ్ ఎప్పుడూ 80 ఉన్నా ఎలాగో అలవాటు పడొచ్చు. 30, 280, 45, 400 అని గెంతుతుంటేనే పిచ్చెక్కుతుంది.

లాగ్ రాగానే అందరం చేసే మొదటి పని ప్లాన్ మార్చడం. 40 ఎంబీపీఎస్ చాలట్లేదు, 100 తీసుకుందాం అంటాం. లేదంటే నాలుగు యాంటెనాలతో, ఎర్ర లైట్లతో సాలెపురుగులా ఉండే "గేమింగ్ రౌటర్" కొందామంటాం. చాలా ఆటలకి ఒక్క ఎంబీపీఎస్ కూడా పట్టదు. మనం కొనే ఎంబీపీఎస్ రోడ్డు ఎంత వెడల్పో చెబుతుంది, ఎంతసేపట్లో చేరతామో చెప్పదు.

దూరం లెక్క చూద్దాం. ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. మా ఊరి నుంచి ముంబై సర్వర్‌కి 900 కిలోమీటర్లు అనుకుంటే రానుపోను తొమ్మిది మిల్లీసెకన్లు. కేబుల్ తిన్నగా పోదు, మధ్యలో బోలెడు రౌటర్లు ఉంటాయి, సరే, 30 అనుకుందాం. పొద్దున్నే ఆరింటికి చూస్తే నిజంగానే అంతే చూపిస్తుంది. మరి రాత్రి తొమ్మిదింటికి 350 ఎక్కడ్నుంచి వస్తోంది? ముంబై దూరం జరగలేదు కదా.

ఆ మిగతా 320 మిల్లీసెకన్లూ మన ప్యాకెట్ ప్రయాణం చెయ్యట్లేదు, లైన్లో నిలబడి ఉంది. ఆదివారం మధ్యాహ్నం మా మెస్ గుర్తు చేసుకోండి. మీకు కావాల్సింది ఒక్క పెరుగు ప్యాకెట్, కౌంటర్ దగ్గర రెండు సెకన్ల పని. కానీ మీ ముందు ఒకడు ఫ్లోర్ మొత్తానికీ క్యారేజీలు పట్టుకొచ్చాడు. కౌంటర్లో అన్న చురుగ్గానే వడ్డిస్తున్నాడు, ఎక్కడా ఆగట్లేదు. అయినా మీరు పావుగంట నిలబడాలి. గేమ్ ప్యాకెట్ ఆ పెరుగు ప్యాకెట్ లాంటిది. దాని ముందు నిలబడినవి సినిమా డౌన్‌లోడ్లు, విండోస్ అప్‌డేట్లు, ఎవరి ఫోనో ఫెస్ట్ ఫోటోలన్నీ క్లౌడ్‌కి ఎక్కించుకుంటున్న బ్యాకప్ ప్యాకెట్లు.

ఈ లైన్ నిలబడే చోటుని బఫర్ అంటారు. రౌటర్లోనో, మోడెమ్‌లోనో, నెట్ కంపెనీ పెట్టెలోనో ఉండే మెమరీ. మెమరీ చవకైపోయాక తయారీదార్లు బఫర్లు పెద్దవి పెట్టేశారు. ప్యాకెట్ ఒక్కటి కూడా పోకూడదనే మంచి ఉద్దేశంతోనే. తిరుమల వెళ్ళినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్లు ఇంకో పాతిక కట్టినా గంటకి దర్శనం చేసుకునేవాళ్ళ సంఖ్య పెరగదు. లోపల కూర్చుని ఎదురుచూసేవాళ్ళు పెరుగుతారు, అంతే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. డౌన్‌లోడ్లు నడిపే టీసీపీ అనే ప్రోటోకాల్ మొహమాటం లేనిది. పంపుతూ పోతుంది, వేగం పెంచుతూ పోతుంది. ఎక్కడో ఒక ప్యాకెట్ పోతేనే "ఓహో, దారి నిండిపోయింది" అని తగ్గుతుంది. ప్యాకెట్ పోవడమే దానికి కబురు. మరి బఫర్ అంత పెద్దదైతే ప్యాకెట్ పోదు, కబురు అందదు, బఫర్ అంచుదాకా నిండేవరకు అది తగ్గదు. 40 ఎంబీపీఎస్ లైన్ ముందు ఒకటిన్నర ఎంబీ డేటా పేరుకుంటే అది ఖాళీ అవడానికి 300 మిల్లీసెకన్లు. ఒకటిన్నర ఎంబీ అంటే ఫోన్‌లో ఒక ఫోటో కూడా కాదు! ఆ కాస్త చాలు ఆట పాడవడానికి.

దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టింది జిమ్ గెటిస్. ఎక్స్ విండో సిస్టమ్ రూపకర్తల్లో ఒకరు. 2010లో ఆయన ఇంట్లో పెద్ద ఫైళ్ళు కాపీ చేస్తుంటే నెట్ ఆలస్యం సెకను దాటిపోతోందని గమనించి, ఎందుకా అని తవ్వుకుంటూ పోతే ఇది బయటపడింది. దీనికంటే వెనక కథ ఇంకా బాగుంటుంది. 1986 అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ, పక్కనే ఉన్న బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య లింకు సెకనుకి 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకి పడిపోయింది. వేలు కాదు, అక్షరాలా నలభై. రెండింటి మధ్య దూరం 400 గజాలు, నడిచి వెళ్ళి చెప్పొస్తే త్వరగా అయ్యేది. దాని మీద పనిచేసిన వాన్ జేకబ్సన్ 1988లో టీసీపీకి తగ్గడం నేర్పారు. మళ్ళీ ఆయనే, క్యాథ్లీన్ నికోల్స్‌తో కలిసి 2012లో బఫర్‌బ్లోట్‌కి కోడెల్ అనే మందు తెచ్చారు.

ఇక నా వెధవపని. రెండో ఏడు నేను హాస్టల్లో లేను. కాలేజీ వెనక రోడ్డులో ఒక పై పోర్షన్‌లో ఐదుగురం ఉండేవాళ్ళం, అందులో ఒక అన్న సివిల్ ఫైనల్ ఇయర్. లోకల్ కేబుల్ ఆపరేటర్ దగ్గర 40 ఎంబీపీఎస్ ప్లాన్, అందరం పంచుకునేవాళ్ళం. సాయంత్రమైతే నా పింగ్ మామూలే. ఒకరోజు రౌటర్ సెట్టింగ్స్‌లో తిరుగుతుంటే ప్రయారిటీ అని ఒక పేజీ కనిపించింది. ఇంట్లో కనెక్టయి ఉన్న ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు అన్నీ వరసగా ఉన్నాయి, ఒక్కోదాని పక్కన లో, మీడియం, హై అని. నా ల్యాప్‌టాప్‌ని హైలో పెట్టా. మిగతావాళ్ళని ముట్టుకోలేదు, అప్పటికి అదే పెద్ద ఉదారత అనిపించింది. ఆ రాత్రి పింగ్ 35 దాటలేదు. ఎవరికీ చెప్పలేదు. అడిగితే "నెట్ వాళ్ళేదో బాగుచేసినట్టున్నారు" అన్నా.

జనవరిలో ఒక శనివారం పొద్దున పదకొండింటికి ఆ అన్నకి ఒక కంపెనీ ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. రెండో రౌండ్. ముందురోజు రాత్రే అందరికీ చెప్పాడు, "రేయ్ తమ్ముళ్ళూ, పదకొండు నుంచి పన్నెండు దాకా ఎవరూ వీడియోలు పెట్టకండ్రా" అని. అందరం సరేనన్నాం. నేనూ అన్నా. పొద్దున లేచి ల్యాప్‌టాప్ ఆన్ చేసి అలా వదిలేసి టిఫిన్‌కి పోయా. వచ్చేసరికి అన్న ఫోన్ పట్టుకుని బాల్కనీలో నిలబడి హాట్‌స్పాట్ పెట్టుకుంటున్నాడు. ముఖం చూస్తే అడగబుద్ధి కాలేదు. సన్నటి కాలమ్ ఎప్పుడు బకుల్ అవుతుందో చెబుతున్నాడట, ఆన్సర్ మధ్యలో వీడియో ఆగిపోయింది. "మీ వాయిస్ కట్ అవుతోంది" అని రెండుసార్లు అన్నారట. మూడోసారి వాళ్ళే కాల్ కట్ చేశారు. హాట్‌స్పాట్‌లో మళ్ళీ కలిసేసరికి అడగాల్సినవి అడిగేశామన్నారు. తర్వాత మెయిల్ రాలేదు. నెట్ ఒక్కటే కారణమని అనలేను. కాదని మాత్రం ఎలా అంటాను?

ఆ రాత్రి రౌటర్ పేజీ తెరిచి చూశా. నా ల్యాప్‌టాప్ పేరు పక్కన ఆ పూట 18 జీబీ. నేను ఆడే గేమ్‌కి అప్‌డేట్ వచ్చింది, దానంతటదే దిగింది. 40 ఎంబీపీఎస్‌లో 18 జీబీ దిగడానికి సరిగ్గా గంట పడుతుంది. లెక్క వేసి చూసుకోండి, నేను చాలాసార్లు వేశా. మామూలుగా అయితే ఆ అప్‌డేటూ అన్న వీడియో కాలూ లైన్లో కొట్టుకుంటూ ఎలాగో నడిచేవి. నేను నా ల్యాప్‌టాప్‌ని హైలో పెట్టాను కదా, రౌటర్ చెప్పిన మాట విన్నది. నా 18 జీబీ మొత్తాన్నీ ముందుకి పంపింది. నేను ప్రయారిటీ ఇచ్చింది గేమ్‌కని అనుకున్నా, రౌటర్‌కి మాత్రం నా ల్యాప్‌టాప్‌లో ఏది ఆటో ఏది అప్‌డేటో తెలియదు.

పది రోజులు చెప్పలేదు. తర్వాత టీ కొట్టు దగ్గర చెప్పేశా. ఆయన తిట్టలేదు. కాసేపు గ్లాసు తిప్పుకుంటూ కూర్చుని, "అంటే మేమంతా నోరు మూసుకుని కూర్చున్న గంటలో కూడా నీ ల్యాప్‌టాపే ముందుందన్నమాట" అన్నాడు. టీ డబ్బులు ఆయనే ఇచ్చాడు.

ఆ వారమే ఆ ప్రయారిటీ పేజీ తీసేసి, అసలు దీనికి సరైన పద్ధతి ఏంటని వెతకడం మొదలుపెట్టా. తమాషా ఏంటంటే అందులో సగం మన సిలబస్‌లోనే ఉంది. కంప్యూటర్ నెట్‌వర్క్స్‌లో లీకీ బకెట్, టోకెన్ బకెట్ అని ఒక పది మార్కుల ప్రశ్న వస్తుంది, గుర్తుందా? బొమ్మ గీసి, పైన నల్లా, కింద చిల్లు పెట్టి, రెండింటికీ తేడాలు పట్టికలో రాస్తాం. మేడమ్ బాగానే చెప్పారు, నేనే ఆ బకెట్ మా ఇంటి రౌటర్లో పెట్టుకోవచ్చని అనుకోలేదు. ట్రాఫిక్ షేపింగ్ అంటే ఆ బకెట్టే.

పని ఇలా ఉంటుంది. లైన్ ఎక్కడ దారి సన్నబడుతుందో అక్కడే పేరుకుంటుంది. మా ఇంట్లో అది నెట్ ఆపరేటర్ పెట్టెలో, అంటే మన చెయ్యి పెట్టలేని చోట. అందుకని మన రౌటర్‌నే కావాలని కాస్త సన్నం చేస్తాం. నిజంగా 38 వస్తుంటే 34 దగ్గర కట్టేస్తాం. అప్పుడు ఆపరేటర్ దగ్గర లైన్ ఉండదు, మొత్తం మన రౌటర్లోకి వచ్చేస్తుంది. తిరుపతిలో కింద టైమ్ స్లాట్ టోకెన్లు ఇస్తారు చూడండి, ఆ టైముకి కొండ మీదికి వస్తే చాలని. అలాంటిదే. డౌన్‌లోడ్ విషయంలో ప్యాకెట్లు అప్పటికే సన్నదారి దాటి వచ్చేసినా, మనం ఇక్కడ ఆలస్యం చేసినా ఒకటి అరా పడేసినా అవతల పంపేవాడు తగ్గుతాడు కాబట్టి అక్కడా పనిచేస్తుంది, అప్‌లోడ్‌లో పనిచేసినంత కచ్చితంగా కాకపోయినా.

లైన్ మన చేతికి వచ్చాక దాన్ని ఎలా నడపాలన్నదే అసలు సంగతి. కోడెల్ ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందో కొలుస్తుంది. వంద మిల్లీసెకన్ల పాటు కనీస ఆలస్యం ఐదు మిల్లీసెకన్ల కిందికి దిగకపోతే ప్యాకెట్లు పడెయ్యడం మొదలుపెడుతుంది. టీసీపీకి కబురు త్వరగా అందుతుంది. దీనికి ఫెయిర్ క్యూయింగ్ కలిపితే ఎఫ్‌క్యూ-కోడెల్. అది ఒక్క లైన్‌కి బదులు మామూలుగా 1024 లైన్లు పెడుతుంది, ఒక్కో కనెక్షన్ ఒక్కో లైన్లో పడుతుంది, వంతులవారీగా వడ్డిస్తుంది. అప్పుడప్పుడు ఒకటి మాత్రమే పంపే కనెక్షన్ లైన్ ఖాళీగా ఉంటుంది కాబట్టి దాని ప్యాకెట్ రాగానే వెళ్ళిపోతుంది. మెస్‌లో పెరుగు ప్యాకెట్టోడు ఇక క్యారేజీల వెనక నిలబడక్కర్లేదు.

ఇక్కడ కొంచెం ఆగండి, నా వాదనంతా ఈ ఒక్క చోటే ఉంది. గేమ్ ముందుకి వెళ్ళింది అది గేమ్ అయినందుకు కాదు. అది తక్కువ అడిగినందుకు. అదే ల్యాప్‌టాప్‌లో 18 జీబీ అప్‌డేట్ మొదలైతే ఆ కనెక్షన్‌కి ఏ ముందువరసా దొరకదు. నువ్వెవరు, ఎవరి తాలూకు అని ఈ పద్ధతి అడగదు. ఇప్పుడు ఎంత అడుగుతున్నావో చూస్తుంది. అన్న ఇంటర్వ్యూ వాయిస్, అమ్మ వాట్సాప్ కాల్, నా గేమ్, ఎవరో ల్యాబ్ సర్వర్‌లో టైప్ చేసుకుంటున్న కమాండ్, అన్నీ దాని కంటికి ఒక్కటే.

ఒక లోపం ఉంది. కనెక్షన్‌కి ఒక వంతు అంటే టారెంట్‌లో యాభై కనెక్షన్లు తెరిచినవాడికి యాభై వంతులు. 2018లో లినక్స్ కెర్నల్ 4.19తో వచ్చిన కేక్ దీన్ని సరిచేస్తుంది. మొదట మనిషికింత అని, అంటే డివైస్‌కింత అని పంచి, తర్వాత అందులో కనెక్షన్లకి పంచుతుంది. పేరు కేక్, పని కేక! ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత ఫర్మ్‌వేర్ వేసుకునే రౌటర్ ఏదైనా ఉంటే ఎస్‌క్యూఎమ్ అనే ప్యాకేజీ ఎక్కించి, రెండు అంకెలు ఇచ్చి, కేక్ అని ఎంచుకుంటే అయిపోతుంది. సెకండ్‌హ్యాండ్ రౌటర్ ఒకటి తెచ్చి, ఒక ఆదివారమంతా తిప్పలు పడి పెట్టా. ముందు నలుగురు వీడియోలు చూస్తుంటే నా పింగ్ 300 పైమాట. తర్వాత ఖాళీగా ఉంటే 31, నలుగురూ చూస్తుంటే 38. అన్నకి మార్చిలో ఇంకో ఇంటర్వ్యూ వచ్చినప్పుడు నేను కావాలనే పక్క రూమ్‌లో పెద్ద డౌన్‌లోడ్ పెట్టి కూర్చుందామనుకున్నా, పరీక్షిద్దామని. ధైర్యం చాలక స్విచ్ ఆపేశా.

ఇప్పుడు హాస్టల్ కాగితాల దగ్గరికి వద్దాం. వార్డెన్ గారి నోటీసు లైన్ నింపేవాణ్ణి వదిలేసి లైన్లో ఇరుక్కున్నవాణ్ణి పట్టుకుంటోంది. గేమ్స్ ఆపేస్తే మిగిలే బ్యాండ్‌విడ్త్ చాలా తక్కువ. ఆ టైములో గేమ్ ఆడలేనివాడు ఎన్‌పీటీఈఎల్ చూస్తాడని ఎవరికైనా నమ్మకం ఉంటే వాళ్ళకో నమస్కారం. వాడు వెబ్ సిరీస్ చూస్తాడు, అది గేమ్ కంటే చాలా రెట్లు ఎక్కువ తింటుంది. లేదా వీపీఎన్ వేసి అదే గేమ్ ఆడతాడు. స్టడీ అవర్స్‌లో నెట్ ముందు కంటే స్లోగా ఉన్నా ఆశ్చర్యపోను.

గేమర్ల అర్జీ నేను రెండో ఏడు చేసిన పనే, మూడు వందల మంది స్థాయిలో. గేమ్‌కి ప్రయారిటీ అంటున్నారు, ఏది గేమో ఎవరు గుర్తుపడతారు? ఫైర్‌వాల్ చేతిలో ఒక జాబితా ఉంటుంది, అందులో ఉన్నవి పోతాయి, లేనివి ఉంటాయి. వచ్చే నెల కోడింగ్ కాంటెస్టుల వాళ్ళు మాకూ ప్రయారిటీ అంటారు, ప్లేస్‌మెంట్ సెల్ ఇంటర్వ్యూలకి కావాలంటుంది, స్టాఫ్ క్వార్టర్స్ ఎలాగూ అడుగుతాయి. అందరికీ బ్రేక్ దర్శనం ఇచ్చాక మిగిలేది మళ్ళీ సర్వదర్శనమే. 2015లో నెట్ న్యూట్రాలిటీ కోసం ట్రాయ్‌కి పది లక్షలకి పైగా మెయిల్స్ వెళ్ళాయి, 2016 ఫిబ్రవరిలో ట్రాయ్ కంటెంట్‌ని బట్టి వేరు వేరు రేట్లు పెట్టడాన్ని నిషేధించింది. అప్పుడు మనం స్కూల్లో ఉన్నాం, మెయిల్ పంపలేదు, సరే. కానీ కంపెనీల విషయంలో వద్దన్నదాన్ని మన కారిడార్‌లో మనమే అడుగుతున్నామని ఒకసారి చూసుకోవాలి.

"గేమ్స్ హాయిగా ఆడుకోవడానికి కాలేజీ ఎందుకు ఏర్పాట్లు చెయ్యాలి?" అని మా క్లాసులోనే ఒకమ్మాయి అడిగింది. అక్కర్లేదు. నేను రాత్రి ఎన్నింటిదాకా ఆడుతున్నానో, నా సీజీపీఏ ఎందుకు అలా ఉందో మా నాన్నా వార్డెన్ గారూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం, రౌటర్‌కి అప్పజెప్పేది కాదు. నేను అడుగుతున్నది హాస్టల్ గేట్‌వే దగ్గర ఒక షేపర్, తల ఒక్కింటికి సమాన వంతు. దానివల్ల ఆటకి ఎంత లాభమో ఆ అమ్మాయి ఇంటికి చేసుకునే వీడియో కాల్‌కీ అంతే.

ఇది సర్వరోగ నివారిణి కాదు. మా మూడో ఫ్లోర్‌లో చివరి రూముల్లో వైఫై ఒక గీత వస్తుంది. అక్కడ లాగ్ గాల్లోనే పుడుతోంది, గేట్‌వేలో ఎంత షేప్ చేసినా దానికి పట్టదు, ఇంకో యాక్సెస్ పాయింట్ కావాలి, వీలైతే కేబుల్. సర్వర్ యూరప్‌లో ఉన్న గేమ్ ఎంచుకుంటే ఆ దూరం ఎవరూ తగ్గించలేరు. చవక రౌటర్ల ప్రాసెసర్ షేపింగ్ బరువు మొయ్యలేదు, మాకు ఇంట్లో 40కి సరిపోయింది కానీ హాస్టల్‌కి ల్యాబ్‌లో మూలపడి ఉన్న పాత పీసీ ఒకటైనా కావాలి. ఫోన్‌లో వేసుకునే "పింగ్ బూస్టర్" యాప్‌ల గురించి అడగొద్దు, మన లైన్లో నిలబడ్డ ప్యాకెట్‌ని అవి లాగలేవు.

డేవ్ టాట్ అని ఒకాయన ఈ విషయం మీద ఏళ్ళ తరబడి రౌటర్ కంపెనీలతోనూ నెట్ ఆపరేటర్లతోనూ వాదిస్తూనే ఉన్నారు, 2025 ఏప్రిల్ 1న చనిపోయేదాకా. ఎఫ్‌క్యూ-కోడెల్, కేక్ అందరి చేతికీ ఉచితంగా వచ్చాయంటే ఆయన, ఆయనతో ఉన్న ఇంకొందరి శ్రమ అందులో చాలా ఉంది. అంతా దొరుకుతోంది, పైసా ఖర్చు లేదు, సిలబస్‌లో ఉంది. మన గేట్‌వేలో మాత్రం లేదు.

అందుకని నేను మూడో కాగితం రాశా. దాని మీద ఏడుగురి సంతకాలే ఉన్నాయి, అందులో ఇద్దరు గేమ్ ఆడరు. వార్డెన్ గారు చదివి సిస్టమ్స్ సెక్షన్ సార్‌కి పంపారు. గ్రౌండ్ ఫ్లోర్ రీడింగ్ రూమ్ వరకు రెండు వారాలు పెట్టి చూద్దామన్నారు, ఒక పాత పీసీ ఇచ్చారు. పెట్టి ఐదు రోజులైంది. నిన్న సాయంత్రం రూమ్ నిండా జనం ఉండగా ఫోన్‌లో చూస్తే పింగ్ 44. అంతకుముందు వారం అదే టైములో 290.

సార్‌కి మాత్రం ఒక బెంగ ఉంది. "షేపర్ పెడితే స్పీడ్ టెస్ట్‌లో తక్కువ చూపిస్తుంది కదయ్యా. వంద ఉండాల్సింది తొంభై వస్తోందని పిల్లలు నా మీద పడితే ఎవడు సమాధానం చెప్తాడు?" అన్నారు. నేను చెప్తాను సార్ అన్నా. ఈ వ్యాసం ప్రింట్ తీసి నోటీసు బోర్డులో ఆ రెండు కాగితాల పక్కన పెట్టడానికి పర్మిషన్ అడిగా. ఇంకా ఇవ్వలేదు.